రాతికి కుట్టు వదిలిన టైలరమ్మ

ఆ ఇంటి వంటగది ఎంత ఇరుకంటే, ఒక చీమ లోపలికి వెళ్లాలంటే ముందు లోపలున్న చీమ బయటికి రావాలి. పోనీ చీమల మాట అబద్ధమే అనుకున్నా, టైలరమ్మ మాట నిజం. ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి చెయ్యి చాపితే ఉప్పు డబ్బా, కాలు చాపితే చెత్తబుట్ట, రెండడుగులు వెనక్కి వేస్తే గోడ. ఆ గోడకు అవతల హాలు. హాల్లో ఆవిడ సంసారం.

గోడలకు చెవులుంటాయంటారు. ఈ గోడకున్నది నోరు. అవతల మాట్లాడుకునే మాటలన్నీ అదే మింగేసి, నవ్వులు మాత్రం ఇవతలికి ఊసేది.

ఇరవై నాలుగేళ్లుగా ఇదే తంతు. వీధి చివర కొట్లో రెండు మిషన్లు పెట్టుకుని పొద్దంతా చొక్కాలు, ప్యాంట్లు, బడిపిల్లల యూనిఫారాలు కుట్టి, సాయంత్రం ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడితే, వెనక హాల్లో ఒక్కసారిగా నవ్వులు. టైలరమ్మ గరిటె పట్టుకుని పరుగున వచ్చేసరికి అందరూ కళ్లు తుడుచుకుంటూ ఉంటారు.

"ఏమిటి? ఏమైంది?"

"ఏం లేదులే."

ఆ 'ఏం లేదులే' విని విని ఆవిడకు ఒళ్లు మండిపోయేది. ఏమీ లేకపోతే కళ్లల్లో నీళ్లెందుకు? ఏమీ లేకపోతే అత్తగారు పొట్ట పట్టుకుని సోఫాలో పక్కకు ఒరిగిపోవడమెందుకు? లోకంలో పుట్టిన మంచి జోకులన్నీ తన వీపు వెనకే పుట్టి, తాను తిరిగి చూసేలోపు చచ్చిపోతున్నాయని ఆవిడకు గట్టి నమ్మకం. వాటి కోసం ఆవిడ మాడ్చిన కూరలు ఒకచోట పోస్తే వీధి మొదట్నుంచి చివరిదాకా తారురోడ్డు వేయొచ్చు.

ఆదివారాలు మరీ ఘోరం. ఆ రోజు మరిది వస్తాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. సోఫాలో కూర్చున్నాడంటే చాలు, టైలరమ్మ కూతురు పుస్తకం మూసేస్తుంది, బస్సు డ్రైవరైన మొగుడు టీవీ కట్టేస్తాడు, ఏ మాట చెప్పినా రెండోసారి చెప్పించుకునే అత్తగారికి కూడా ఒక్కసారికే అన్నీ వినబడతాయి. అలాంటి ఒక ఆదివారం హాల్లో ఎంత నవ్వు పుట్టిందంటే, అత్తగారి పళ్లసెట్టు ఊడి, ఎగిరి, మరిది టీ కప్పులో పడింది. టైలరమ్మ వచ్చేసరికి మరిది దాన్ని చెంచాతో పైకి తీస్తున్నాడు.

"ఏమిటయ్యా? ఏమన్నావు?"

"ఏం లేదులే వదినా. మళ్లీ చెప్తే అంత బాగుండదు."

టైలరమ్మ వెనక్కి వెళ్లి పొయ్యి కట్టేసింది. తిరిగొచ్చి గోడ మీద అరచెయ్యి ఆనించి, గుడ్డ నాణ్యం చూసినట్టు ఒకసారి తడిమింది.

"ఏమండీ, ఈ గోడ కొట్టించేయండి. ఓపెన్ కిచెన్ చేయిద్దాం," అంది.

ఇల్లు కట్టి చూడు అన్న పెద్దలు గోడ పడగొట్టి చూడు అనలేదు. అన్నవాళ్లు బతికి లేరు కాబోలు.

మర్నాడే మేస్త్రీ వచ్చాడు. రసమట్టం చంకలో లేకుండా గడప దాటని మనిషి. దాన్ని గోడ మీద పెట్టి చూశాడు, నేల మీద పెట్టి చూశాడు, టీ తెచ్చిస్తే ట్రే మీద కూడా పెట్టి చూసి, "అర నూలు ఎడమకి దిగింది అక్కా," అని తీర్పు చెప్పి తాగాడు. పెళ్లిచూపుల్లో కూడా రసమట్టం పెళ్లికూతురి భుజాల మీద పెట్టి చూశాడని వీధిలో చెప్పుకుంటారు. అతని ఎడమ భుజమే అర అంగుళం దిగి ఉంటుందన్న సంగతి మాత్రం టైలరమ్మ ఒక్కదానికే తెలుసు. పదేళ్లుగా అతని చొక్కాలకు ఆ భుజం కింద గుడ్డ అతుకు పెట్టి ఆ వంకర కనబడకుండా కుడుతున్నది ఆవిడే. అందుకే మేస్త్రీకి ఆవిడ కొలతంటే వేదం.

గోడ బరువు మోసేది కాదు, పడగొట్టొచ్చు అన్నాడు. అక్కడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత ఇంట్లో ప్రతివాళ్లకీ నోరొచ్చింది.

"సోఫాకీ డైనింగ్ టేబుల్‌కీ మధ్య బాగా చోటు వదలండి, మళ్లించుకోవడానికి ఉండాలి," అన్నాడు డ్రైవరు.

"ఏం మళ్లిస్తారు నాన్నా? సోఫాని బస్టాండుకి తీసుకెళ్తారా?" అంది కూతురు. కాలేజీ చదివే ఆ పిల్ల ఫోన్లో బొమ్మలు చూపించింది. ఏ బొమ్మలో చూసినా తెల్లటి వంటగది, తెల్లటి సోఫా, గాజు గిన్నెలో మూడే మూడు నిమ్మకాయలు.

"ఈ ఇంట్లో అన్నం తినరా?" అన్నారు అత్తగారు. "వచ్చినవాళ్లకి మన అంట్ల గిన్నెలు కనబడతాయమ్మాయ్. గోడ అన్నది ఊరికే కట్టలేదు. మన బండారం దాచడానికే కట్టారు."

ఇవన్నీ టైలరమ్మ ఓపిగ్గా విన్నది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు చెప్పేవి ఇంతకంటే అధ్వాన్నంగా ఉంటాయి. అసలు తంటా పొయ్యి దగ్గర వచ్చింది. ఆవిడ నేల మీద సుద్ద ముక్కతో గీత గీసింది: వంటగట్టు హాల్లోకి తిరిగి ఉండాలి, తాను అటువైపు నిలబడి ఇటు చూస్తూ వండాలి.

మేస్త్రీ తల అడ్డంగా ఊపాడు. "పొయ్యి కిటికీ కిందే ఉండాలి అక్కా. గ్యాస్ పైపు అక్కడుంది, నీళ్ల పైపు అక్కడుంది, పొగ పోయేదీ అక్కడే. ఇటు కుదరదు."

"హాలు నడుమ గట్టు కడితే సమాధిలా ఉంటుంది," అన్నారు అత్తగారు.

"మళ్లించుకోవడానికి చోటుండదు," అన్నాడు డ్రైవరు.

టైలరమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. "అంటే గోడ పోతుంది గానీ నేను మాత్రం మీకు వీపు పెట్టే ఉండాలా? నేను వీపుతో వినాలా?"

"మెడ తిప్పితే కనబడతాం కదే."

"మీరు మెడ వెనక్కి తిప్పి బస్సు నడుపుతారా?"

"అదీ ఇదీ ఒకటా?"

"నూనె కాగుతుంటే ఒకటే."

ముగ్గురు ఒకవైపు, ఆవిడొక్కతే ఒకవైపు. కూతురు ఏ వైపూ కాదు, ఫోను వైపు. చివరికి గోడ పడితే అదే పదివేలనుకుని టైలరమ్మ కిటికీకి ఒప్పుకుంది. ఒప్పుకుందన్న మాటే గానీ ఆ వారమంతా ఇంట్లో గిన్నెలు మామూలు కంటే గట్టిగా చప్పుడు చేశాయి. హాలు నేల మీద సోఫా ఎక్కడ, టేబుల్ ఎక్కడ, ఫ్రిజ్ ఎక్కడ అని సుద్దతో గీసి, వాటి మధ్యనుంచే అందర్నీ నడవమంది. నాలుగు రోజులు ఆ ఇంట్లో మనుషులు లేని సోఫాను చుట్టి, లేని టేబుల్‌ను తప్పించుకుంటూ తిరిగారు. డ్రైవరు ఒకసారి మర్చిపోయి ఫ్రిజ్‌లోంచి నడిచాడు.

"చూసుకోండి, గుడ్లున్నాయి," అన్నారు అత్తగారు.

గట్టు మీద పరిచే గ్రానైట్ పలక కొలత మాత్రం టైలరమ్మ ఎవరికీ అప్పగించలేదు. కిటికీ కింద, ఒకవైపు స్తంభం, రెండోవైపు పక్కింటి వాళ్లతో ఉమ్మడి గోడ. మధ్య చోటు ఎనిమిదడుగుల నాలుగంగుళాలు. మూడుసార్లు కొలిచి, కస్టమర్ల కొలతలు రాసుకునే పుస్తకంలోనే ఒక పేజీలో రాసుకుని కొట్టుకి పట్టుకెళ్లింది. అక్కడ కటింగ్ టేబుల్ మీద పాత న్యూస్ పేపర్లు అతికించి, పెద్ద కత్తెరతో పలక ఆకారం కత్తిరించింది. ఎడమ కొసన పొయ్యికి కన్నం, కుడి కొసన సింకుకి కన్నం, 'ముందు', 'వెనక' అని రాతలు, గుడ్డకు పెట్టినట్టే నిలువు బాణం గుర్తు. అంత ముచ్చటైన కాగితం ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా గీయలేరు. ఆవిడ చదివింది ఏడు. ఎనిమిదిలో లెక్కల మాస్టారి ప్యాంటు పొట్టిదని ముఖం మీదే చెప్పి బయటికొచ్చేసింది. ప్యాంటు పొట్టిదన్న మాట మాత్రం నిజమే.

మేస్త్రీ ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నంత పనిచేశాడు. "అక్క కొలిచాక మళ్లీ నా టేపు ఎందుకు?" అని, మడిచి జేబులో పెట్టుకుని, రాయి కోసేవాడికి ఇచ్చొచ్చాడు. "ఇందులో వెంట్రుక తేడా రాకూడదు," అని కూడా చెప్పాడట.

గోడ పడింది. పడటానికి పట్టింది ఒక పూట, పడ్డాక దుమ్ము అణగడానికి పట్టింది పందొమ్మిది రోజులు. ఆ దుమ్ము టీలో తేలింది, దిండు గలీబుల్లోకి దూరింది, బీరువాలో తాళం వేసి పెట్టిన బట్టల మడతల్లో కూడా కనబడింది. అత్తగారు తుమ్మితే సిమెంటు రాలిందని మరిది అంటాడు గానీ, అతని మాటల్లో సగానికి సగం కొట్టేయాలి. హాల్లో ఓ మూల స్టూలు మీద చిన్న పొయ్యి పెట్టుకుని, కుట్టుమిషన్ ముందు కూర్చున్నట్టు వంగి వండుతూ, రోజుకి పదిసార్లు "ఇదంతా ఎవరి బుద్ధి?" అని డ్రైవరు అడుగుతుంటే పదిసార్లు పళ్లు నూరుతూ, టైలరమ్మ ఆ పందొమ్మిది రోజులూ నెట్టుకొచ్చింది.

ఇరవయ్యో రోజు పలక వచ్చింది.

మేస్త్రీ, డ్రైవరు, మరిది, రాయి తెచ్చిన ఇద్దరూ కలిసి మోశారు. నల్లటి రాయి, ముఖం చూసుకునేంత నునుపు. కిటికీ కింద ఇటుక దిమ్మెల మీదకి దించబోతే ఎడమ కొస స్తంభానికి కొట్టుకుంది. కుడికి జరిపితే ఉమ్మడి గోడకు తగిలింది. ఏటవాలుగా తిప్పారు. పైనుంచి దించారు. నిలబెట్టి చూశారు. "బస్సయితే కాస్త వెనక్కి తీసుకుని ముందుకు కొట్టేవాణ్ని," అన్నాడు డ్రైవరు చెమటలు కక్కుతూ.

చివరికి పలకను నేల మీద దించి, మేస్త్రీ జీవితంలో మొదటిసారి అక్క కొలత మీద తన టేపు పెట్టాడు. ఎనిమిదడుగుల ఎనిమిదంగుళాలు. కాగితం తీసి రాయి మీద పరిచాడు. వెంట్రుక తేడా లేదు. రాయి కోసినవాడి తప్పు కాదు.

అందరూ టైలరమ్మ వైపు చూశారు.

ఆవిడ కాగితం ఎడమ కొస పట్టుకుని చూసింది. కొస నుంచి రెండంగుళాలు లోపలికి పెన్సిలుతో సన్నటి చుక్కల గీత. కుడి కొసన కూడా అలాంటిదే. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ చెయ్యి ఎక్కడ కత్తిరించినా పక్కన పెట్టే గీత. కుట్టుకి ఓ అర అంగుళం, ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి మిగతాది. చెయ్యి తన పని తాను చేసుకుపోయింది, బుర్రను అడగలేదు.

"కుట్టుకి వదిలాను," అంది మెల్లగా.

"రాయికి కుట్టేమిటమ్మాయ్?" అన్నారు అత్తగారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ముప్ఫై ఏళ్లలో ఒక్క గుడ్డ ముక్క పాడుచేసి ఎరగని మనిషి, ఇవాళ రాయి పాడుచేసింది. వీధిలో చొక్కా బొత్తాలు పెట్టుకోబోతున్న ప్రతివాడూ ఒకసారి ఆగి ఆలోచిస్తాడు.

"అటూ ఇటూ కొంచెం కోయిస్తే పోదూ," అన్నాడు మరిది.

రాయి కోసేవాడికి ఫోన్ చేశారు. కన్నాలు రెండూ కొసలకు మరీ దగ్గరగా ఉన్నాయి, ఇప్పుడు కోస్తే అక్కడే విరుగుతుంది, విరిగితే తనను అడగొద్దన్నాడు. పోనీ గోడలో గాడి కొట్టి దూర్చుదామంటే, ఒకవైపు ఇల్లు మోసే స్తంభం, రెండోవైపు పక్కింటివాళ్ల పడకగది. తిలా పాపం తలా పిడికెడు పంచుకోవడం మొదలైంది. కాగితం చూసుకోవద్దా అని మేస్త్రీని డ్రైవరు, అక్క మీద నమ్మకం తప్పా అని డ్రైవర్ని మేస్త్రీ, అసలు గోడ జోలికి ఎందుకు పోయారని అందర్నీ అత్తగారు.

కూతురు మాత్రం ఫోను జేబులో పెట్టి, నేల మీద చెరిగీ చెరగని సుద్ద గీత దగ్గర నిలబడింది. మొదటి రోజు అమ్మ గీసిన గీత. స్తంభానికి మూడడుగులు ఇవతల, హాల్లోకి తిరిగిన గట్టు.

"ఇక్కడైతే పడుతుందిగా. ఒక కొస పక్కింటి గోడకు ఆనించండి. రెండో కొస ఎంత పొడుగున్నా అడ్డేముంది?"

మేస్త్రీ గడ్డం గోక్కున్నాడు. రసమట్టం తీసి నేల మీద పెట్టాడు. అటూ ఇటూ చూశాడు. "పడుతుంది."

"మరి పైపులు?" అంది టైలరమ్మ.

"నేల మీద ఇంకా టైల్స్ వేయలేదు కదక్కా. కిందనుంచి లాగొచ్చు."

"పొగ?"

"పైన గొట్టం పెట్టి కిటికీలోకి వదలొచ్చు."

"అంటే కుదురుతుందన్నమాట."

"కుదురుతుంది."

"నేను అడిగిన రోజు కూడా కుదిరేదేనా?"

మేస్త్రీ దిగిన భుజం ఇంకాస్త దిగింది. "కుదిరేదే అక్కా. పని ఎక్కువని..."

టైలరమ్మ చూసిన చూపుకి గ్రానైట్ రాయి తనంతట తానే రెండు ముక్కలు కావాల్సింది. కానీ అది గట్టి రాయి. మేస్త్రీయే కాస్త తట్టుకోలేక బయటికెళ్లి ఇసుక జల్లించడం మొదలుపెట్టాడు. జల్లించాల్సిన ఇసుక అక్కడ లేదు.

గట్టు ఆవిడ గీసిన చోటే లేచింది. టైలరమ్మ కావాలనే పొడుగు కోయించిందని వీధంతా ఒకటే పాట. కొట్టుకొచ్చిన ప్రతివాడూ కన్నుగీటి, "గట్టి బుర్రే," అన్నాడు. అది పొరపాటని మొదట్లో నలుగురైదుగురికి ఒట్టేసి చెప్పింది. ఎవరూ నమ్మలేదు. పొరపాటు చేసే టైలర్ కంటే కుట్ర చేసే టైలర్ నయమనిపించి, ఆరో మనిషి నుంచి ఊరుకుంది.

ఆదివారం వచ్చింది. కొత్త గట్టు వెనక టైలరమ్మ నిలబడింది. ఎదురుగా డైనింగ్ టేబుల్, దాని వెనక సోఫా, సోఫాలో అత్తగారు, కూతురు, మొగుడు, మరిది. అందరి ముఖాలూ కనబడుతున్నాయి. ఉల్లిపాయలు తరుగుతూ, "ఊఁ, చెప్పు," అంది మరిదితో.

మరిది గొంతు సవరించుకున్నాడు. ఒక పెద్ద బిల్డింగులో లిఫ్టు చెడింది. ఇతను వెళ్లాడు. అందులో ఒక లావుపాటాయన ఉన్నాడు. నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య ఆగింది. ఆయన "ఎంతసేపు?" అన్నాడు. ఇతను "ఆగింది కదా, ఇంకెంతసేపు?" అన్నాడు.

సోఫా అంతా గొల్లుమంది. అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు, పళ్లు జాగ్రత్త కోసం.

టైలరమ్మ కత్తి ఆపి, మిగతా కథ కోసం చూసింది. మిగతాది లేదు.

"ఇంతేనా?"

"అంతే వదినా."

"ఇందులో నవ్వడానికి ఏముంది?"

మరిది అన్న వైపు చూశాడు. అన్న పైకప్పు వైపు చూశాడు. టైలరమ్మ ఇంకో కథ చెప్పమంది. చెప్పాడు. అందులోనూ లిఫ్టే, ఈసారి అది కిందికి పోయింది. మూడోది సగంలోనే ఆపేశాడు. "వదిన అలా చూస్తుంటే రావడం లేదు," అన్నాడు.

ఇరవై నాలుగేళ్లు. ఆవిడ ఉల్లిపాయల మీదే విసుగంతా చూపించింది. దీనికోసమా అన్ని కూరలు మాడ్చుకుంది? దీనికోసమా గోడ పగలగొట్టించింది, పందొమ్మిది రోజులు దుమ్ము తాగింది, కొట్టు పరువు రాతి పాలు చేసుకుంది? ఏం లేదులే, ఏం లేదులే అని పాపం వాళ్లు నిజమే చెప్పారు. నమ్మనిది తానే. ఎవరి మీద కోప్పడాలో తెలియని కోపం కంటే విసుగు పుట్టించేది మరొకటి లేదు.

అంతలో గట్టు కింద ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. మేస్త్రీ కిందనుంచి లాగిన పైపు. "చెప్పానా, కిటికీ కిందే ఉండాలని," అని గొణుక్కుంటూ డ్రైవరు పెరట్లోకి వెళ్లాడు, వాల్వు కట్టడానికి.

మరిది లేచొచ్చి, గాల్లోకి పొడుచుకొచ్చిన గట్టు కొస మీద చెయ్యి వేశాడు. "అయినా వదినా, ఈ నాలుగంగుళాలూ ఏం చేసుకుంటావు?"

టైలరమ్మ తలెత్తలేదు. "ఉంచానయ్యా. ఎదిగే ఇల్లు. వచ్చే ఏడు బిగుతైతే విప్పుకోవచ్చు."

ముందు కూతురి ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. మరిది గట్టు మీదికి వంగిపోయాడు. అత్తగారు "ఇంటికి... ఇంటికి విప్పుకోవడమేమిటే," అంటూ చెయ్యి అడ్డం పెట్టుకోవడం మర్చిపోయారు. పళ్లసెట్టు ఎగిరి, సోఫా దాటి, టేబుల్ దాటి, సరాసరి ఉల్లిపాయ ముక్కల్లో పడింది. పూర్వం ఈ దారిలో గోడ ఉండేది. టైలరమ్మ పళ్లసెట్టును చూసింది, అత్తగారి బోసినోటిని చూసింది, కత్తి కింద పెట్టేసి గట్టు పట్టుకుని నవ్వింది. ఉల్లిపాయలకు వచ్చిన నీళ్లేవో నవ్వుకు వచ్చిన నీళ్లేవో తేడా తెలియలేదు.

పెరటి గోడ అవతలనుంచి డ్రైవరు గొంతు వినబడింది. "ఏమిటి? ఏమైంది?"

"ఏం లే..." అంది టైలరమ్మ, అని నాలుక కరుచుకుంది.

అతను వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. అందరూ కళ్లు తుడుచుకుంటున్నారు. ఆ నిలబడటం, ఆ ముఖం, చేతిలో గరిటె బదులు పానా. ఆ ముఖం ఎలా ఉంటుందో టైలరమ్మ ఎప్పుడూ బయటినుంచి చూడలేదు.

"ఇలా రండి, చెప్తాను," అంది. మొదటినుంచీ చెప్పింది. మరిది ఏమన్నాడో, తాను ఏమందో, అత్తగారి పళ్లు ఎటు ఎగిరాయో, ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

డ్రైవరు అంతా విని, ఇంకేమైనా ఉందేమోనని కాసేపు చూశాడు.

"ఇంతేనా?"

"ఇంతే."

"ఇందులో నవ్వడానికి ఏముంది?"

"ఏమీ లేదండీ," అంది టైలరమ్మ. పళ్లసెట్టును కుళాయి కింద కడిగి కూతురి చేతికిచ్చింది. "ముందు ఆ పానా అక్కడ పెట్టి వచ్చి కూర్చోండి. మళ్లీ నవ్వొచ్చేదాకా లేవకండి."

గట్టు కింద నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఆయన వాల్వు తప్పు వైపు తిప్పొచ్చాడు.